కర్టెన్ చాటున సరుకు: బ్రిటన్ ట్రైలర్లలో లోడు కట్టడం గురించి

(ఇంగ్లండ్ మిడ్‌ల్యాండ్స్‌లో లారీ, వేర్‌హౌస్ పనుల్లో ఉన్న తెలుగువాళ్ల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు కాస్త ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కాసేపాగి ఒక స్ట్రాప్ లేబుల్ చూపిస్తాను, అంత దూరం నుంచి కనపడదు.

ఈ హాల్లో మూడు రకాల వాళ్లున్నారు. పెద్ద లారీలకిచ్చే సీ ప్లస్ ఈ లైసెన్సు తెచ్చుకుని ఆర్టిక్ లారీలు, అంటే ముందు ఇంజన్ బండి, వెనక ట్రైలర్ విడిగా ఉండేవి, నడుపుతున్నవాళ్లు కొందరు. వేర్‌హౌసుల్లో ఫోర్క్‌లిఫ్ట్ మీద ఉన్నవాళ్లు చాలామంది. నాలాగా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కూర్చుని ఏ లోడు ఏ ట్రైలర్‌లో వెళ్లాలో రాసేవాళ్లు ఇద్దరో ముగ్గురో. లోడు జారితే తప్పు డ్రైవర్‌దని ఆఫీసు అంటుంది, లోడర్‌దని డ్రైవర్ అంటాడు. చట్టానికి ఈ వాదనలతో పనిలేదు, అందర్నీ అడుగుతుంది. అందుకే అందరినీ ఒకచోట కూర్చోబెట్టమని అడిగాను.

మామూలు పాలెట్ల గురించి, అంటే ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే చెక్క పీటల మీద పేర్చిన సరుకు గురించి, ఈ రోజు పెద్దగా మాట్లాడను. ఒకే ఎత్తు పాలెట్లు, ష్రింక్ ర్యాప్ చుట్టినవి, ముందు నుంచి వెనక వరకూ ఖాళీ లేకుండా నింపినవి అయితే పెద్దగా తలనొప్పి ఉండదు. తలనొప్పంతా వంకర సరుకుతో. ఒక లేత్ మిషను, అంటే ఇనుముని తిప్పుతూ చెక్కే మిషను, గ్రానైట్ పలకలు, పైపుల కట్ట, సగం నిండిన ట్యాంకు. నాలుగు కాళ్లుండి, తలబరువుండి, ఎక్కడ పట్టుకోవాలో తెలియని సరుకు. బ్రిటన్‌లో ఇలాంటివి కూడా చాలాసార్లు కర్టెన్ సైడర్లలోనే, అంటే పక్కలకి గోడల బదులు గుడ్డ కర్టెన్లుండే ట్రైలర్లలోనే పోతాయి.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీకి ఎక్కించడం చూసినవాళ్లు చేతులెత్తండి. ఆఁ, చాలామందే ఉన్నారు. అక్కడ ఏం చేస్తారు? లోడు పూర్తయ్యాక మోకు వేస్తారు. పైన ఒకడు, కింద ఇద్దరు, బాడీకి కాలు తన్నిపెట్టి లాగి బిగిస్తారు. ఆ తర్వాత పట్టా కప్పుతారు. పట్టా ఎందుకురా అని క్లీనర్ కుర్రాడిని అడగండి, వానకండీ అంటాడు. పట్టా ఉంది కదా, మోకు ఎందుకు అని ఏ ముఠా మేస్త్రీ అనడు. అదే మనిషి ఇక్కడికొచ్చి కర్టెన్ సైడర్ చూడగానే ఆ తెలివి మర్చిపోతాడు. ఎందుకంటే ఇక్కడి పట్టా నిలువుగా ఉంటుంది, బిగుతుగా ఉంటుంది, కింద వరసగా బకిల్స్ ఉంటాయి. బయట నుంచి చూస్తే గోడలాగే ఉంటుంది.

ఈ కర్టెన్ ట్రైలర్ పుట్టింది కూడా ఈ దేశంలోనే. చెషైర్‌లోని కాంగిల్టన్‌లో బోఅలాయ్ అనే కంపెనీ 1960ల చివర్లో దీన్ని టాట్‌లైనర్ పేరుతో తెచ్చింది. ఇప్పటికీ పాత డ్రైవర్లు ఏ కర్టెన్ ట్రైలర్‌నైనా టాట్‌లైనర్ అనే అంటారు, మనం వనస్పతిని డాల్డా అన్నట్టు. దాని సుగుణమేంటో మీకు తెలుసు. పక్క నుంచి ఫోర్క్‌లిఫ్ట్‌తో చకచకా ఎక్కించొచ్చు, పట్టా కప్పే పని ఉండదు, వానకి సరుకు తడవదు. టైమ్ కలిసొస్తుంది. అది తయారైంది అందుకే. పీవీసీ పూసిన గుడ్డ అది. నాలుగు టన్నుల ఇనుము వచ్చి ఆనుకుంటే ఆపే పని దానికి ఎవరూ అప్పగించలేదు.

ఇక్కడ డీవీఎస్ఏ వాళ్లు, అంటే రోడ్డు మీద లారీలు ఆపి తనిఖీ చేసేవాళ్లు, పెట్టుకున్న కొలత సులువుగా గుర్తుంటుంది. బ్రేకు వేసినప్పుడు సరుకు బరువంత బలం ముందుకి నెడుతుంది. పక్కలకీ, వెనక్కీ అందులో సగం. మనం కట్టిన కట్టు అంత బలాన్ని ఆపాలి. పది టన్నుల సరుకుంటే ముందుకి పది టన్నులు, కుడికి అయిదు, ఎడమకి అయిదు, వెనక్కి అయిదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 12195 ముందుకి 80 శాతం చాలంటుంది. తేడా అంతే. పక్కలకి సగం అంటే ఎక్కువేమో అనుకోకండి. ఇంగ్లండ్‌లో రౌండ్ అబౌట్ లేని ఊరు చూపించండి. ఎడమకి తిరిగి, వెంటనే కుడికి తిరిగి, మళ్లీ ఎడమకి తిరిగి బయటపడాలి. మొదటి మలుపులో అంగుళం జారిన లోడు రెండో మలుపులో వేగం అందుకుంటుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1988 రోడ్ ట్రాఫిక్ చట్టంలో 40ఏ సెక్షన్ ఉంది, 1986 కన్‌స్ట్రక్షన్ అండ్ యూజ్ నిబంధనల్లో నూరో నిబంధన ఉంది. లోడు ఎవరికైనా ప్రమాదం తెచ్చేలా ఉంటే నేరమే. అది కిందపడే వరకూ ఆగనక్కర్లేదు. తనిఖీలో కర్టెన్ తీయించి చూస్తారు. బాగాలేకపోతే అక్కడే ప్రొహిబిషన్ నోటీసు రాస్తారు, సరిచేసేవరకూ లారీ కదలదు. ఆ కాగితం కంపెనీ ఆపరేటర్ లైసెన్సు ఫైల్లోకి కూడా పోతుంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఇదిగో ఈ స్ట్రాప్. 50 మిల్లీమీటర్ల రాచెట్ స్ట్రాప్, పిడి ఆడించి బిగించే పట్టీ, మీరందరూ రోజూ పట్టుకునేదే. దీన్ని ఏమంటారు? అయిదు టన్నుల స్ట్రాప్. అవును, అలాగే అంటారు. ఈ నీలం లేబుల్ దగ్గరగా చూడండి. చుట్టూ తిప్పి కడితే 5,000, సూటిగా లాగితే 2,500 అని ఎల్‌సీ ఎదురుగా ఉంది. ఇవి డెకాన్యూటన్లు, మన లెక్కకి ఒకటంటే దాదాపు ఒక కిలో అనుకోండి. తెగకుండా అది తట్టుకునే బలం ఇది. దాని కింద చిన్న అక్షరాల్లో ఎస్‌హెచ్‌ఎఫ్ 50 అని ఉంది. అంటే రాచెట్ పిడిని మనిషి 50 కిలోల బలంతో లాగితే అని. పక్కనే ఎస్‌టీఎఫ్ 300. అంటే అలా లాగి వదిలాక స్ట్రాప్‌లో మిగిలే బిగుతు 300.

సరుకు పైనుంచి స్ట్రాప్ వేసి అటూ ఇటూ కట్టేస్తాం కదా, అప్పుడు అది చేసే పని ఏమిటి? సరుకుని కిందికి నొక్కుతుంది. ఆ నొక్కుడుకి పనికొచ్చేది 5,000 కాదు, 2,500 కూడా కాదు. ఆ 300. ఆ నొక్కుడు కూడా నేరుగా సరుకుని ఆపదు, ఫ్లోర్‌కీ సరుకుకీ మధ్య ఘర్షణని పెంచుతుంది, ఆపేది ఆ ఘర్షణే. చిన్నప్పుడు తొమ్మిదో తరగతిలో చదివాం ఘర్షణ గుణకం అని, పరీక్ష అయ్యాక వదిలేశాం. ఇక్కడ మన ఉద్యోగం మొత్తం దాని మీదే నడుస్తోంది.

ఒక లెక్క చేద్దాం. నాలుగు టన్నుల లేత్. ఫ్లోర్ కాస్త మట్టిగా ఉంది, ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. ముందు ఆనుకోవడానికి ఏమీ లేదు. స్ట్రాప్‌లు నిలువుగా దిగుతున్నాయి, ఒక్కోదానిలో 300 బిగుతు ఉంది. యూరప్ ప్రమాణం ప్రకారం లెక్కేస్తే ముందుకి జారకుండా 14 స్ట్రాప్‌లు కావాలి. పద్నాలుగు! లేత్ మీద అన్ని వేయడానికి చోటే ఉండదు. మామూలుగా మనం ఎన్ని వేస్తాం? రెండు. మనసు పీకితే మూడు.

అదే లేత్ కింద రబ్బరు మ్యాట్ వేయండి. గుణకం 0.6 అవుతుంది. అదే లెక్క మళ్లీ వేస్తే మూడు స్ట్రాప్‌లు చాలు. నల్ల రబ్బరు ముక్క ఒకటి పదకొండు స్ట్రాప్‌ల పని చేసింది. డీవీఎస్ఏ కోరినట్టు ముందుకి పూర్తి బరువు తీసుకుంటే సంఖ్యలు పెరుగుతాయి, మ్యాట్ లేకుండా 20, ఉంటే 6. అయినా నిష్పత్తి చూడండి. ట్రైలర్‌లో మ్యాట్లు లేకుండా మిషన్ల లోడుకి పంపే ఆఫీసుని నేను క్షమించను. ఆ ఆఫీసుల్లో ఒకదాంట్లో కూర్చునే మాట్లాడుతున్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

ఇంకో ముక్క. స్ట్రాప్ ఏటవాలుగా దిగితే నొక్కుడు తగ్గుతుంది. నిట్టనిలువుగా ఉంటే పూర్తి బలం. ఫ్లోర్‌తో 60 డిగ్రీల కోణంలో ఉంటే 87 శాతం. 30 డిగ్రీలకి పడిపోతే సగం. అందుకే పొట్టి సరుకు మీద, వెడల్పు ట్రైలర్‌లో, స్ట్రాప్ దాదాపు పడుకున్నట్టు పోతే చూడ్డానికి ఎంత బిగుతుగా ఉన్నా పని సగమే. రాచెట్ పిడికి పైపు తొడిగి బిగించే వీరులు కూడా ఉంటారు. ఆ పని చేయకండి. పళ్లు వంగుతాయి, వదిలినప్పుడు పిడి మొహానికి కొడుతుంది.

మరి స్ట్రాప్‌కి ఉన్న ఆ పెద్ద బలం, ఆ 2,500, ఎప్పుడు వాడుకోవాలి? సరుకుని నేరుగా పట్టుకున్నప్పుడు. లేత్‌కి నాలుగు మూలలా కంపెనీ వాడిచ్చిన లాషింగ్ పాయింట్లు, అంటే కట్టే చోట్లు ఉంటాయి, లేదా క్రేన్‌తో ఎత్తడానికి లిఫ్టింగ్ కళ్లు ఉంటాయి. అక్కడ తగిలించి, వంకరగా నాలుగు దిక్కులకీ నాలుగు స్ట్రాప్‌లు, ట్రైలర్ అంచున ఛాసిస్‌లో ఉన్న రింగులకి. ఇప్పుడు మిషను ముందుకి కదలాలంటే వెనక్కి లాగుతున్న రెండు స్ట్రాప్‌లని సాగదీయాలి. ఇక్కడ లెక్కలోకొచ్చేది స్ట్రాప్ తెగకుండా తట్టుకునే బలం, బిగుతు కాదు. కింద మ్యాట్ ఉండి, ఈ నాలుగు సరిగ్గా పడితే నాలుగు టన్నుల మిషను కదలదు. ఒక్క జాగ్రత్త, గొలుసులో ఏది బలహీనమో అదే మొత్తం బలం. పెద్ద ట్రైలర్లలో రింగుకి సాధారణంగా రెండు టన్నులు. స్ట్రాప్ రెండున్నర అయినా మనకి లెక్క రెండే. పాతకాలం తాడు కొక్కేలు కొన్ని ట్రైలర్లకి ఇంకా ఉన్నాయి, అవి తాడుకే. వాటికి రాచెట్ తగిలించి లాగితే విప్పారిపోతాయి. లేత్‌కి ఉన్న పిడి, గార్డు, చక్, ఇవేవీ కట్టే చోట్లు కావు.

కొంతమంది అంటారు, మరి హెడ్‌బోర్డ్, అంటే ట్రైలర్ ముందు గోడ ఉంది కదా, దానికి ఆనించి పెట్టేస్తే పోలేదా అని. మంచి మాటే. ఆనించగలిగితే అంతకు మించింది లేదు. కానీ బరువు ఒక్క ముద్దగా ఉన్న సరుకుని ట్రైలర్ మూతి దగ్గర పెడితే ఆ భారమంతా ట్రైలర్‌ని తగిలించే కింగ్‌పిన్ మీదుగా ట్రాక్టర్ యూనిట్, అంటే ముందుండి లాగే ఇంజన్ బండి మీద పడుతుంది. 44 టన్నుల ఆరు యాక్సిళ్ల లారీలో డ్రైవ్ యాక్సిల్ మీద 10.5 టన్నులు దాటకూడదు. మొత్తం బరువు తక్కువే ఉన్నా ఆ ఒక్క యాక్సిల్ దాటిపోవచ్చు. అందుకని పన్నెండు టన్నుల ప్రెస్సో, జనరేటరో మధ్యకో, కొంచెం వెనక్కో పెట్టాల్సొస్తుంది. అప్పుడు ముందు నాలుగు మీటర్లు ఖాళీ. బ్రేకు వేస్తే ఆ నాలుగు మీటర్లూ అది పరుగెత్తుకుంటూ వచ్చి హెడ్‌బోర్డ్‌ని గుద్దుతుంది. ఆనుకుని ఉన్న బరువుని ఆపే హెడ్‌బోర్డ్ పరుగెత్తి వచ్చిన బరువుని ఆపలేదు. దాని అవతలే మన క్యాబిన్. ఖాళీ పాలెట్లు, దుంగలు పేర్చి ఆ జాగా నింపొచ్చు, కానీ అవి ఒకదానికొకటి గట్టిగా ఆనుకోవాలి, చెదిరిపోకుండా అవి కూడా కట్టి ఉండాలి.

క్రేట్‌లో, అంటే చెక్క పెట్టెలో వచ్చే మిషన్లకి ఇంకో చిక్కు. బరువు ఎక్కడుందో కనపడదు. చెక్క మీద వలయంలో ప్లస్ లాంటి గుర్తు ఉంటుంది చూడండి, గరిటె, గొడుగు బొమ్మల పక్కన. గరిటె అంటే గ్లాసు బొమ్మ లెండి, మా అబ్బాయి దాన్ని గరిటె అంటాడు. (నవ్వులు) ఆ ప్లస్ గుర్తు గరిమనాభి. లేత్‌కి హెడ్‌స్టాక్, అంటే తిప్పే యంత్రభాగం ఉన్న వైపు బరువెక్కువ, గుర్తు మధ్యలో ఉండదు. ట్రైలర్ మధ్య గీత మీద ఉండాల్సింది ఆ గుర్తు, క్రేట్ మధ్య భాగం కాదు. ఎత్తుగా, సన్నగా ఉన్న క్రేట్ అయితే జారడానికి ముందే పక్కకి ఒరుగుతుంది. దానికి మ్యాట్ ఒక్కటే సాయం చేయదు, పై భాగం నుంచి కట్టాలి.

ఇక ఎక్స్ఎల్ గురించి. ఈ మాట వినని డ్రైవర్ ఉండడు. మాది ఎక్స్ఎల్ ట్రైలరండీ, స్ట్రాప్ అక్కర్లేదు అంటారు. ఈఎన్ 12642 అని ట్రైలర్ బాడీ బలానికి ప్రమాణం. అందులో మామూలు ఎల్ రకం, గట్టి ఎక్స్ఎల్ రకం అని రెండు. ఎక్స్ఎల్ బాడీలో ముందు గోడ లోడు బరువులో 50 శాతం, వెనక తలుపులు 30 శాతం, పక్కలు 40 శాతం తట్టుకునేలా పరీక్షిస్తారు. ఆ కర్టెన్‌లో అడ్డంగా, నిలువుగా గట్టి పట్టీలుంటాయి, స్తంభాల మధ్య పలకలుంటాయి. నిజంగానే మంచి ట్రైలర్. కానీ షరతు చదవరు. లోడు ముందు నుంచి వెనక వరకూ నిండి ఉండాలి, పక్కల నుంచి కర్టెన్‌కి 80 మిల్లీమీటర్లకి మించి ఖాళీ ఉండకూడదు. అంటే నాలుగు వేళ్ల సందు. మధ్యలో ఒంటరిగా నిలబడ్డ లేత్‌కి రెండు పక్కలా చాలా ఖాళీ. ఆ లోడుకి సంబంధించినంతవరకూ ఎక్స్ఎల్ సర్టిఫికెట్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

పైకప్పు నుంచి వేలాడే బకిల్ స్ట్రాప్‌లు కూడా అంతే. అవి తేలిక సరుకు తూలకుండా ఉండటానికి. పాలెట్ 400 కిలోలు దాటితే వాటిని నమ్మొద్దని డీవీఎస్ఏ సలహా. అవి దేనికి తగిలించి ఉన్నాయో తలెత్తి చూడండి. రూఫ్ రైలుకి. బరువైన సరుకు ఒరిగితే రూఫ్‌ని కూడా తనతో పాటు లాక్కుపోతుంది.

ఇప్పుడు మన ఊరి సరుకు గురించి. ప్రకాశం జిల్లా వాళ్లెవరైనా ఉన్నారా? చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ. నల్ల రాయిలో బంగారు చుక్కలు. ఈ దేశంలో ఎన్ని వంటిళ్లలో ఆ రాయి కౌంటర్‌గా ఉందో! కంటెయినర్లలో రేవుకొచ్చి, రాతి యార్డులకి చేరి, అక్కడి నుంచి కౌంటర్లు కోసే షెడ్డులకి లారీల్లో పోతుంది. కొన్నిసార్లు కర్టెన్ సైడర్‌లో, ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారంలో ఉండే ఫ్రేమ్ మీద నిలబెట్టి.

ఒక పలక బరువెంతో చెప్పండి. మూడు మీటర్ల పొడవు, ఒక మీటరు ఎనభై ఎత్తు, ముప్పై మిల్లీమీటర్ల మందం. ఘనపరిమాణం 0.162 ఘనపు మీటర్లు. ఆ రాయి ఘనపు మీటరుకి దాదాపు 2.9 టన్నులు. అంటే ఒక్క పలక 470 కిలోలు. ఆరుగురు మనుషుల బరువు. పక్క నుంచి చూస్తే మూడు సెంటీమీటర్లే కాబట్టి మనసుకి ఆ బరువు తెలియదు. ఒరుగుతుంటే చెయ్యి అడ్డం పెడదామనిపిస్తుంది. ఈ పనిలో ప్రాణాలు పోయేది అక్కడే.

ఫ్రేమ్ మీద పలకలు కట్టేటప్పుడు రెండు వేర్వేరు కట్లు ఉండాలి. పలకల్ని ఫ్రేమ్‌కి కట్టేది ఒకటి. ఫ్రేమ్‌ని ట్రైలర్‌కి కట్టేది ఇంకోటి. చాలామంది మొదటిది చక్కగా చేసి రెండోది మర్చిపోతారు. బ్రేకు వేస్తే పలకలన్నీ ఫ్రేమ్‌తో సహా ముందుకి బయలుదేరతాయి. ఫ్రేమ్ కాళ్ల కింద మ్యాట్, కాళ్లకి అడ్డం చెక్క, నాలుగు వైపులా సూటి లాషింగ్, ఇవన్నీ కావాలి. రాతి అంచు స్ట్రాప్‌ని కోసేస్తుంది, కాబట్టి ప్రతి మూల దగ్గరా కార్నర్ ప్రొటెక్టర్ ఉండాలి. అదే ప్రొటెక్టర్ స్ట్రాప్ సాఫీగా జారేలా చేసి రెండు వైపులా బిగుతు సమంగా పడేలా చూస్తుంది, అది అదనపు లాభం.

దించేటప్పుడు అసలు ప్రమాదం. ఫ్రేమ్‌కి రెండు వైపులా పలకలున్నప్పుడు ఒక వైపు మొత్తం దించేసి రెండో వైపు వదిలేస్తే ఫ్రేమ్ తిరగబడుతుంది. అటొకటి ఇటొకటి తీయాలి. ఇంకా ముఖ్యమైనది, లారీ ఎక్కడ ఆపారో చూడాలి. బ్రిటన్‌లో రోడ్లు నీళ్లు పోవడానికి పక్కకి వాలుగా వేస్తారు. వీధి పక్కన ఆపితే ట్రైలర్ మొత్తం పేవ్‌మెంట్ వైపు ఒరిగి ఉంటుంది. ఫ్రేమ్‌కి ఉన్న కొద్దిపాటి వాలు అక్కడితో సరి, ఒక వైపు పలక దాదాపు నిట్టనిలువుగా నిలబడి ఉంటుంది. ఇంతసేపూ దాన్ని పట్టుకుని ఉన్నది స్ట్రాప్ మాత్రమే. మనం పేవ్‌మెంట్ మీద నిలబడి ఆ స్ట్రాప్‌నే వదులు చేస్తాం. క్రేన్ క్లాంపు పట్టుకున్నాకే స్ట్రాప్ వదలాలి, పలక పడగలిగే వైపు ఎవరూ ఉండకూడదు. పలకల మధ్యకి దూరి సరిచేయడమంటే చావుని పలకరించడమే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పైపులు: కట్ట మధ్యలో ఉన్న పైపుకి బయటి స్ట్రాప్ తగలదు, అది ఈటెలా ముందుకి దూసుకుపోగలదు. కట్ట చుట్టూ పూర్తిగా తిరిగి బిగించే స్ట్రాప్ వేయండి, ముందు భాగం ఆనేలా పెట్టండి, పక్కల స్తంభాలున్న ట్రైలర్ అడగండి. వెయ్యి లీటర్ల ఐబీసీ ట్యాంకులు, అంటే లోహపు పంజరంలో ఉండే ప్లాస్టిక్ ట్యాంకులు: నిండితే నీళ్లకే టన్ను పైన. సగం నిండితే ఇంకా కష్టం, మలుపులో నీళ్లు ఒక పక్కకి చేరి ట్యాంకుని తోస్తాయి. వాటి పైన ఉన్న సన్న పంజరం మీద ఒక స్ట్రాప్ వేసి పిండేస్తే పంజరం వంగుతుంది, బిగుతు పోతుంది. పాలెట్లు పైన అడ్డం పెట్టి దాని మీదుగా వేయండి. చక్రాలున్న మిషన్లు: హ్యాండ్ బ్రేకు మీద నమ్మకం పెట్టుకోవద్దు, చక్రానికి చెక్క, నాలుగు మూలలా కట్టు.

బయలుదేరాక కొద్ది మైళ్లకి ఒకసారి ఆగి చూడండి. పాలెట్ కుదురుకుంటుంది, ష్రింక్ ర్యాప్ నలుగుతుంది, పాలిస్టర్ కొంచెం సాగుతుంది, మొదటి అరగంటలోనే బిగుతు తగ్గుతుంది. రాచెట్ రీలు మీద స్ట్రాప్ కనీసం ఒకటిన్నర చుట్లు ఉండాలి, మూడు దాటకూడదు. చుట్లు ఎక్కువైతే లావెక్కి బిగుతు పట్టదు.

ఇంక ప్రశ్నలు అడగండి.

(ఒక డ్రైవర్: అన్నా, మాకు ట్రైలర్ లోడు చేసే ఉంటుంది. కర్టెన్ వేసి, బకిల్స్ పెట్టి, కాగితం చేతికిస్తారు. లోపల ఎలా ఉందో మాకేం తెలుసు?)

తెలుసుకోవాలి తమ్ముడూ. రోడ్డు మీద ఆపినప్పుడు నువ్వే సమాధానం చెప్పాలి. బకిల్స్ నాలుగు విప్పి కర్టెన్ కాస్త జరిపి లోపలికి చూడు. ఫోన్‌లో ఫోటో తీసుకో. సీలు వేసి ఉంటే, చూడటానికి వీల్లేకపోతే, ఎవరు లోడు చేశారు, ఎలా కట్టారు అని ఆఫీసుకి మెసేజి పెట్టు. నోటితో అడిగితే గాలికి పోతుంది, మెసేజి ఉంటే ఉంటుంది. ఆఫీసు వాళ్లు చిరాకు పడతారు. పడనీ. ఇంకో సంగతి, కర్టెన్ తీసే ముందు బయట నుంచి దాన్ని చూడు. ఎక్కడైనా పొట్ట వచ్చినట్టు ఉబ్బి ఉంటే ఆ వైపు బకిల్స్ ముట్టుకోకు. వెనక ఏదో ఆనుకుని ఉంది, బకిల్ వదలగానే నీ మీద పడుతుంది. అవతలి వైపు తెరిచి చూడు, ఫోర్క్‌లిఫ్ట్‌తో ఊతం పెట్టించాకే ఇటు తెరువు.

(వేర్‌హౌసులో పనిచేసే ఒక అక్క: మా సైటులో డ్రైవర్లు తాళాలిచ్చి వెయిటింగ్ రూమ్‌లో కూర్చోవాలి. లోడు చూడనివ్వరు. మేం కట్టిందే కట్టు.)

తాళాలు తీసుకోవడం మంచి నియమమే అక్కా, ఫోర్క్‌లిఫ్ట్ తిరిగేచోట డ్రైవర్ ఉండకూడదు, లోడు మధ్యలో లారీ కదలకూడదు. కానీ లోడయ్యాక, ఫోర్క్‌లిఫ్ట్ పక్కకి వెళ్లాక, కర్టెన్ వేసే ముందు డ్రైవర్‌ని పిలిచి చూపించమని మీ సూపర్‌వైజర్‌ని అడగండి. రెండు నిమిషాల పని. డ్రైవర్ బాగాలేదంటే వాదించకండి. రోడ్డు మీద దానితో ఉండేది అతనే. ఇంకో మాట, స్ట్రాప్ అవతలికి వేయడానికి ట్రైలర్ ఎక్కొద్దు. పొడుగు కర్ర ఉంటుంది, దానితో కింద నుంచే వేయొచ్చు. ట్రైలర్ బెడ్ మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు.

(ఇంకొకరు: స్ట్రాప్ పొడవు చాలకపోతే రెండు కలిపి ముడేయొచ్చా అండీ?)

వద్దండీ. ముడి వేసిన చోట బలం బాగా పడిపోతుంది, ఆ స్ట్రాప్ లేబుల్ మీద రాసిన అంకె ఇక దానికి వర్తించదు. చిరిగినది, లేబుల్ ఊడినది కూడా అంతే, పక్కన పడేయండి. పొడవు స్ట్రాప్‌లు దొరుకుతాయి, ఆఫీసుని అడగండి.

(మళ్లీ మొదటి డ్రైవర్: మిషను పాలెట్ మీద ఉంటే మ్యాట్ ఎక్కడ వేయాలన్నా? పాలెట్ కిందా, మిషను కిందా?)

బాగా అడిగావు. రెండు చోట్లా. జారే అవకాశం ఉన్న జాగాలు రెండు, పాలెట్‌కీ ఫ్లోర్‌కీ మధ్య ఒకటి, మిషను పాదాలకీ పాలెట్ చెక్కకీ మధ్య ఇంకోటి. ఫ్లోర్ మీద మ్యాట్ వేసి పైన వదిలేస్తే పాలెట్ కదలకుండా కూర్చుంటుంది, దాని మీద నుంచి మిషను వెళ్లిపోతుంది. మిషను పాలెట్‌కి బోల్టులతో బిగించి ఉంటే పైన అక్కర్లేదు, కానీ ఆ బోల్టులు బరువుకి తగినవో, ఊరికే రెండు మేకులో వంగి చూడు. మ్యాట్ ముక్కలు కత్తిరించి వేసేటప్పుడు మందం సరిపడా ఉండాలి. బరువు పడి మ్యాట్ నలిగాక కూడా చెక్క ఎక్కడా ఫ్లోర్‌ని తాకకూడదు. ఒక మూల తాకినా ఆ మూల 0.3, మిగతా చోట 0.6 అవుతుంది, లెక్క 0.6తో వేసుకోవడానికి వీల్లేదు. వేసే ముందు ఫ్లోర్ ఊడ్చు. చీపురు ట్రైలర్‌లో పెట్టుకో.